కేసీ చెప్పిన మేడం

చోడవరం,
12 సెప్టెంబరు 1996.

ప్రియమైన చిన్నతల్లికి,

మంగాయమ్మ ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ మేమంతా కులాసా. చీడికాడలో మీరూ కులాసాగా ఉన్నారని, మొన్నటి వానలకి మీ చెరుకు పడిపోలేదని తలుస్తాను.

ఇన్నేళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నదాన్ని, ఈ సోమవారం ఒకరి పాఠం గుమ్మంలో నిలబడి విన్నాను. ఆ సంగతి నీకు చెప్పకపోతే నాకు తోచదు.

మా కాలేజీకి జూలైలో కొత్త లెక్చరరు వచ్చింది. చిన్న వయసు, చదువులో దిట్ట. కానీ నత్తి. 'క' దగ్గర మాట గొంతులో చిక్కుకుంటుంది. అలాంటి మనిషికి సమతాస్థితి స్థిరాంకం పాఠం పడింది. దాన్ని క్లాసులో కేసీ అంటాం. పాఠం పొడుగునా ఆ అక్షరమే!

సోమవారం కేసీ అనబోయి ఆగింది. వెనక బెంచీలోంచి శివాజీ అనే కుర్రాడు "కే... కే... కేసీ" అని వెక్కిరించాడు. క్లాసంతా నవ్వు. పక్కగదిలోంచి నేను విసురుగా వచ్చాను, వాణ్ణి బయటికి పంపేద్దామని. ఆమె నన్ను చూసి వద్దన్నట్టు తలూపింది. మాట పూర్తి చేసింది. అప్పుడు వాణ్ణే పిలిచి, సుద్దముక్క ఇచ్చి, నైట్రోజను, హైడ్రోజను కలిసి అమ్మోనియా అయ్యే చర్యకి కేసీ రాయమంది.

వాడు గీత గీసి, పుట్టినదాన్ని పైన, కలిసినవాటిని కింద పెట్టాడు. కానీ అమ్మోనియా ముందుండే రెండునీ, హైడ్రోజను ముందుండే మూడునీ అలాగే ముందు రాసేశాడు. ఈసారి అందరూ వాణ్ణి చూసి నవ్వారు. కసి తీర్చుకోవాలంటే అంతకన్నా అదను ఉంటుందా? ఆమె నవ్వలేదు. పైనేది, కిందేది అన్నది సరిగ్గా పట్టుకున్నావని మెచ్చుకుంది. ఆ అంకెల్ని ముందు కాదు, నెత్తిమీద ఘాతాలుగా వెయ్యాలని చూపించింది. వాడు చెరిపి రాశాడు.

తర్వాత సున్నపురాయి కాలే చర్య. రాయినీ, సున్నాన్నీ కూడా వాడు రాసేశాడు. గట్టి పదార్థాల గాఢత మారదు, మారనిదాన్ని ఇందులో రాయం అని ఆమె రెండూ కొట్టేసింది. కార్బన్ డయాక్సైడు ఒక్కటే మిగిలింది. వాడికి నచ్చలేదు.

"రాయి నేకుండా గేసెక్కణ్ణించి వస్తదండి మేడం?" అని నిలదీశాడు.

అది వెక్కిరింత కాదు. నిజంగానే అడిగాడు. ఆమె ముఖం వెలిగిపోయింది! రాయి ఉండి తీరాలి, అయితే పిడికెడున్నా కుప్పలున్నా కేసీ మారదు అని చెప్పబోయి, 'కుప్పలు' దగ్గర ఆగిపోయింది. చాలాసేపు. ఎవరో కిసుక్కుమన్నారు. శివాజీ వెనక్కి తిరిగి, "ఉండండ్రా, మేడం సెప్తన్నారు గదా" అని గదిమాడు.

ఆమె తొందరపడలేదు. మాట వచ్చేదాకా ఆగి, వచ్చాక చెప్పింది.

నాకైతే దణ్ణం పెట్టాలనిపించింది చిన్నతల్లీ! వెక్కిరించినవాడి చేత ఆ గంటలోనే ప్రశ్న అడిగించడం ఎంతమందికి చేతనవుతుంది?

ఉంటాను మరి,
నీ మంగాయమ్మ.

తా.క. ఆ మేడం ఎవరో కాదు, నీ కూతురు సంధ్యారాణే. ఆఫీసులో టైపు పని అని నీకు చెప్పింది. నలుగురిలో నోరు విప్పితే నవ్వుతారని నువ్వు బెంగపడతావని దాచింది. "ఇంక అమ్మకి సెప్పీయండత్తా" అని ఈ పూట తనే అంది. వచ్చే శుక్రవారం పొద్దున్న బస్సుకి రా. నా పక్కన కూర్చుని పాఠం విందువుగాని. అది మధ్యలో ఆగితే మాత్రం నువ్వు మాట అందించకు. ఆ పిల్లలెవరూ అందించరు.