పడవ కుడి, పన్ను కుడి

మిన్నీ బే,
పోర్ట్ బ్లెయిర్.

అన్నయ్యకి,

నీ చెల్లెలు రత్నం దండాలు పెట్టి రాస్తున్నది. నువ్వూ, వదినా, చిట్టీ బాగున్నారని తలుస్తాను. నీ నడుం నొప్పి తగ్గిందా? బాబాయి, పిన్ని, నేను ఇక్కడ బాగానే ఉన్నాం. వదినా, అన్నయ్యకి ఇది చదివి వినిపించేది నువ్వే కాబట్టి ముందే చెబుతున్నా, గట్టిగా చదువు, మధ్యలో నవ్వుతూ ఆపేయకు.

మొన్న ఫోన్లో "పాసయ్యాను" అని అరిచి, ఏడుపొచ్చి పెట్టేశాను. అవును అన్నయ్యా, సర్కారు దవాఖానాలో పళ్ళ విభాగం ఉద్యోగం నాకే వచ్చింది! పోస్టింగ్ ఇక్కడికి దూరంగా, మధ్య అండమాన్‌లో ఉన్న రంగత్‌లో. పిన్ని మిన్నీ బే అంతా తిరిగి స్వీట్లు పంచింది. పళ్ళు పుచ్చిపోతాయని నేను గోల పెట్టినా వినలేదు.

పోయినసారి ఎందుకు తప్పానో నీకు చెప్పలేదు, సిగ్గేసి. చదువు రాక కాదు. పంటికి పైన ఎనామిల్, దాని కింద డెంటిన్, లోపల నరాలుండే గుజ్జు అని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. తీపీ, నోట్లో క్రిములూ కలిసి చాలాసేపు ఉంటేనే పన్ను పుచ్చుతుందని, అబర్డీన్ బజార్‌లో నేను పనిచేసే పళ్ళ క్లినిక్‌కి వచ్చే ప్రతి ఒక్కరికీ హిందీలో ఉపన్యాసం ఇస్తాను. నన్ను ముంచింది కుడీ ఎడమా. నోటిని నాలుగు భాగాలు చేసి, ప్రతి పంటికీ రెండంకెలు ఇస్తారు. మొదటిది ఏ భాగమో, రెండోది మధ్య నుంచి లెక్కపెడితే ఎన్నో పన్నో. నాలుగు ఆరు అంటే కింద కుడివైపు ఆరో పన్ను. కుడి అంటే పేషెంటు కుడి, ఎదురుగా ఉన్న నాకు అది ఎడమ. పరీక్షలో కంగారుపడి నా కుడివైపు చూపించాను. పరీక్ష చేసేవాళ్ళు పెన్ను మూత పెట్టేశారు.

ఈసారి కూడా పోతే వైజాగ్ ఓడెక్కి వచ్చేస్తానని బాబాయితో అనేశాను. విడవని వానలు, ఆరని బట్టలు, నాకు ఇక్కడ ఎవరూ లేరనిపించేది. బాబాయి వల బాగుచేసుకుంటూ తలెత్తకుండానే అన్నాడు: "అరే బేటీ, ఓడ మల్లీ వస్తాది. ముందు పరీచ్చ రాసీ. ఫిర్ దేఖేంగే, తరవాత సూద్దాం." పిన్ని అయితే కంచంలో ఇంకో చేప ముక్క వేసి, "కడుపు కాల్తే బుర్ర పన్జెయ్యదు, తినీ" అంది.

పరీక్ష రోజు, పరీక్ష చేసే మేడమ్ ఒక నోటి బొమ్మని నాకెదురుగా పెట్టి "ఫోర్ సిక్స్ దిఖావో" అన్నారు. నా చెయ్యి మళ్ళీ నా కుడివైపుకే పోబోయింది. అప్పుడు నీ తిట్టు గుర్తొచ్చింది అన్నయ్యా. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నీ పడవ ఒడ్డుకి వస్తుంటే, కుడివైపు తాడు అందుకోమన్నావు. నేను నా కుడివైపుకి పరిగెత్తాను. అల కొట్టి పడవ తిరిగిపోయి, బుట్టెడు చేపలు నీళ్ళపాలయ్యాయి. "నీ కుడి ఎవుడిక్కావాలే! పడవ కుడి సూడు! అది నీకేసి మొకం పెట్టి వస్తంది!" అని పేటంతా వినేలా అరిచావు. నేను ఆ పూట అన్నం మానేసి అలిగాను.

ఆ నోటి బొమ్మ కూడా నాకేసి మొహం పెట్టే ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని నాకు ఎడమవైపున, బొమ్మ కింది వరసలో ఆరో పన్ను మీద వేలు పెట్టాను. "పక్కా?" అని గద్దించారు మేడమ్. "పక్కా" అన్నాను. ఆవిడ ఇంకో ఏడు పళ్ళు అడిగారు, ఏడూ చూపించాను. అప్పుడు కొంచెం నవ్వి, ఎవరు నేర్పారని అడిగారు.

"మా అన్నయ్య, మేడమ్."

"డాక్టరా?"

"కాదు మేడమ్. పడవ నడుపుతాడు."

ఆ మాట అంటుంటే నాకెంత గర్వంగా ఉందో ఎలా రాయను? నువ్వు ఐదో తరగతితో బడి మానేసి నన్ను చదివించావు. ఇన్ని పుస్తకాలు చదివినా, చివరికి నన్ను గట్టెక్కించింది నువ్వే.

ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే తేగలు పంపించు, ఇక్కడ దొరకడం లేదు. పెద్దమ్మకి నా నమస్కారాలు చెప్పు. రంగత్‌లో ఒంటరిగా ఉండాలి, నీ దీవెన, వదిన దీవెన కావాలి. చిట్టికి ఆరో ఏడు కదా, పాలపళ్ళకి వెనకగా కొత్త పన్ను వస్తుంది. నాలుగు ఆరు అంటే అదే. పాలపన్నే కదా అనుకోకండి, అది పోతే మళ్ళీ రాదు. బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని పడుకోనివ్వకండి. వచ్చిందేమో నోరు తెరిపించి చూడు అన్నయ్యా. కుడి ఎటో నీకు నేను చెప్పక్కర్లేదు.

నీ తిట్లు తిని పాసైన చెల్లెలు,
రత్నం