నెర్రెల కిటికీ

కడప, మార్చి 2009, బుధవారం రాత్రి

ఆర్కిటెక్చర్ మొదటేడు పిల్లోళ్లకు నేనిచ్చిన పని ఒకటే. ప్రకృతిలో ఏదైనా ఒకదాన్ని చూసి, దాని ఆకారం వెనకుండే సూత్రం పట్టుకొని, ఎండను ఆపి గాలిని వదిలే కిటికీ జాలీ గీయాల. కంప్యూటర్లో ఒక్క అంకె మారిస్తే జాలీ అంతా దానికి తగ్గట్టు మారాల.

ఈరోజు చూస్తే దాదాపు అందరివీ ఇంటర్నెట్లో దొరికిన సముద్రపు గవ్వలే! సముద్రం చూసినోళ్లు వీళ్లలో ఎంతమందో. ఒళ్లు మండి గట్టిగానే అరిచినా.

బద్వేలు పిల్ల మల్లేశ్వరి ఒక్కతే వాళ్లూరి ఎండిన చెరువులో నెర్రెలు చూసి గీసింది. మట్టిలో తడి ఎంతనేదే ఆమె అంకె. తడి తగ్గేకొద్దీ నెర్రెలు వెడల్పయితాయి, వాటి సందుల్లోంచి గాలొస్తాది. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ తెర మీద ఒక్క నెర్రె కూడా లేదు. గోడ మాదిరి నున్నగా ఉండాది.

"ఏమ్మా, నెర్రెలు యాడికి పోయినాయి?"

"తడి పూర్తిగా పెంచినా సార్. అన్నీ మూసుకుపోయినాయి."

"గాలి రాకుంటే అది కిటికీ ఎట్లయితాది?"

"తెలుసు సార్. మా చెరువును అట్ల చూసి శానా ఏండ్లాయ."

రేపు మార్కులేసేదానికి బయటినుంచి వస్తారు. గోడకు మార్కులెవరేస్తారు? అంకె నేనే తగ్గిద్దామని మౌసు పట్టుకున్నా, మళ్లీ వదిలేసినా.

"రేపు వాళ్లు రాకముందు తగ్గిద్దువులేమ్మా. ఈ రాత్రికి తడిగానే ఉండనీ" అని చెప్పి వచ్చేసినా.