అరచేతిలో పిట్టగూడు

కడప, 2006, ఆదివారం రాత్రి

చిన్నప్పుడు అక్కా నేనూ ప్రాణం పెట్టి చూసిన జపాన్ బొమ్మల సీరియల్‌కు కొత్త భాగం వచ్చింది. పాతదాన్ని పాడుచేసి ఉంటారని భయపడుతూనే సాయంత్రం మొదటి సీడీ పెట్టాను. అక్క చూడనని వంటింట్లోనే ఉండిపోయింది.

పాత యుద్ధంలో కూలిన మరమనిషి గడ్డిలో పడి ఉంది. దాని అరచేతిలో పిట్టగూడు. శత్రువులు మీదికొస్తున్నా పిట్టలన్నీ ఎగిరిపోయేదాకా అది చెయ్యి కదపలేదు. అక్కడితో సీడీ అయిపోయింది.

వెనక్కి తిరిగితే పిండి చేతులతో అక్క నిలబడి ఉంది.

"శానా బాగ తీసినారు కదే! పాతదానికంటే బాగుండాది," అంటూ మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

రేపు అత్తగారింటికి, ప్రొద్దుటూరు వెళ్లిపోతుంది. "నేనొచ్చేదాకా మిగతావి సూడొద్దు పాపా," అని మాట తీసుకుంది.

దసరాకు గాని రాదు. ఆ మరమనిషి లేచి నిలబడిందో లేదో తెలియకుండా అన్నాళ్లు ఉండగలనా...