లేటెస్ట్ మైనస్ మూడు

మార్కాపురం,
శనివారం ఉదయం

చిరంజీవి చంద్రశేఖరానికి మేనత్త రామతులసమ్మ దీవెనలు, ఈసారికి సగమే.

నాలుగుసార్లు ఫోను చేసినా ఎత్తలేదు కాబట్టి ఈ ఉత్తరం గిద్దలూరు బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. కాలేజీ కొత్త భవనానికి రాతి మీద చెక్కాల్సిన నూట ఇరవై పేర్ల డిజైన్లు నిన్న పొద్దున కంప్యూటర్లో చెరిగిపోయాయి. వచ్చే శనివారమే ప్రారంభోత్సవం. చెక్కే మిషను కొన్నాక వచ్చిన మొదటి ఆర్డరు. ఇది చెడితే ఇంకెవరూ మన గుమ్మం తొక్కరు.

గురువారం సాయంత్రం బ్యాకప్ తీశాను. దాన్ని వెనక్కి తెమ్మంటే, నువ్వు రాసిచ్చిన ప్రోగ్రాం నల్లతెర మీద దాని పేరు కొట్టమంటోంది. పదహారు అక్షరాలూ అంకెలూ కలగలిపిన పేరు. లిస్టులో అలాంటివి రెండొందలున్నాయి, ఒక్కదానికీ తారీఖు లేదు. "పోయినసారి పంపిన పలకలే పంపు" అంటే మన దుకాణంలో పనిచేసే చెంచమ్మ మారుమాట లేకుండా కట్టలు కడుతుంది. నీ ప్రోగ్రాంకు ఆమాత్రం తెలివి ఎందుకు పెట్టలేదు?

కోపంతో,
అత్త

తా.క.: గురువారం బ్యాకప్ పేరును ఒక పలక మీద మేకుతో గీసి పెట్టుకున్నాను, బలపంతో రాస్తే చెరిగిపోతుందని. చెంచమ్మ దాన్ని కూడా కట్టలో పెట్టి రాచర్ల బడికి పంపేసింది.

గిద్దలూరు,
శనివారం

అత్తకు నమస్కారాలు.

నా ఫోను రిపేరులో ఉంది. నువ్వన్నది న్యాయమే. ప్రోగ్రాం మార్చాను, పెన్‌డ్రైవ్ ఈ కవర్లోనే ఉంది. ఇక పేరుతో పనిలేదు. "లేటెస్ట్" అని కొట్టు, అన్నిటికన్నా చివర తీసిన బ్యాకప్ వస్తుంది.

అల్లుడు,
చంద్రశేఖరం

తా.క.: తిట్లు తగ్గించు. కండక్టరు చదువుతున్నాడు.

మార్కాపురం,
ఆదివారం

చిరంజీవికి, ఈసారి దీవెనలు పావు వంతే.

లేటెస్ట్ అని కొట్టాను. ఫోల్డర్ వచ్చింది, ఖాళీగా. తప్పు నాదనకు. దుకాణం మూసేముందు బ్యాకప్ తీయందే ఇంటికి కదలనని నాచేత ఒట్టు వేయించుకున్నావు. శుక్రవారం తీశాను, నిన్నా తీశాను.

అత్త

తా.క.: కండక్టరు నా పక్షమే.

గిద్దలూరు,
ఆదివారం

అత్తా, నమస్కారం.

చిక్కు అక్కడే ఉంది. డిజైన్లు చెరిగాక ఖాళీ ఫోల్డర్‌కు రెండుసార్లు బ్యాకప్ తీశావు. లేటెస్ట్ అంటే నిన్నటి ఖాళీ. "లేటెస్ట్ మైనస్ రెండు" అని కొట్టు, రెండు మెట్లు వెనక్కి పోయి గురువారంది తెస్తుంది.

చంద్రశేఖరం

మార్కాపురం,
సోమవారం

చిరంజీవికి, దీవెనలు అయిపోయాయి.

మైనస్ రెండు కూడా ఖాళీయే. నిన్న సాయంత్రం ఇంకొకటి తీశాను మరి. ఒట్టు ఒట్టే కదా. మిషను నాలుగు రోజులుగా ఊరికే నిలబడి ఉంది. నాకు ఏడుపు వస్తోంది, అది నీకు చూపించడం ఇష్టంలేక తిడుతున్నాను. చెంచమ్మ వచ్చి, "ఏందమ్మా, రోజూ ఖాళీనే జాగ్రత్త చేస్తా ఉండావు?" అంది. దానికి తెలిసింది నీ ప్రోగ్రాంకు తెలియదా?

అత్త

గిద్దలూరు,
సోమవారం

అత్తా,

నా ఉత్తరం చేరేలోపు నువ్వు ఇంకో బ్యాకప్ తీస్తున్నావు, లెక్క ఒకటి జారిపోతోంది. ఇప్పుడు మైనస్ మూడు. ఈ ఒక్క సాయంత్రం బ్యాకప్ తీయకు, నీ కాళ్లు పట్టుకుంటాను.

చంద్రశేఖరం

తా.క.: అసలు డిజైన్లు ఎట్లా చెరిగాయి?

మార్కాపురం,
మంగళవారం

చిరంజీవి చంద్రశేఖరానికి నిండు దీవెనలు.

నిన్న కూడా బ్యాకప్ తీశాను. తాళం చేతిలోకి తీసుకుంటే చేయి ఆగలేదు. నీ మైనస్ మూడు కొట్టబోతుంటే రాచర్ల ఆటోలో ఒక పలక తిరిగొచ్చింది, బడి టీచరు రూతమ్మ చీటీతో: "రెండు రోజులు తుడిచినాము, గీతలు పోలేదు. ఇట్లాంటి నాసిరకం సరుకు ఎట్ల పంపినారు?" నా పలకను నాసిరకం అన్నవాళ్లకు మొదటిసారి దండం పెట్టాను. దాన్ని ఎదురుగా పెట్టుకుని పదహారూ కొట్టాను. నూట ఇరవై పేర్లూ వచ్చాయి. మిషను తిరుగుతోంది.

అత్త

తా.క.: పలక మీద ఉన్నది పాఠమనుకుని ఒక పిల్ల రాసిందట, దాన్ని చూసి తరగతంతా రాసిందట. నీ బ్యాకప్ పేరుకు ఇప్పుడు రాచర్లలో ముప్పై బ్యాకప్‌లు.

ఇంకో తా.క.: ఎట్లా చెరిగాయని అడిగావు. మాది పలకల దుకాణం. పొద్దున పని మొదలుపెట్టేముందు నిన్నటిది తుడిచేయడం అలవాటు. బ్యాకప్ ఉంది కదా అని నేనే తుడిచాను.