ఫీజు ఆపుతావా, ఆపవా?

అక్కా,

మా పత్రిక పంపిన ప్రశ్నకు నీ జవాబు అందింది. గెలిస్తే పురపాలక సంఘం నుంచి మన ఊరి కాలేజీకి నిధులు పెంచి, ఫీజు పెరగకుండా ఆపుతారా, ఆపరా అని అభ్యర్థులందరినీ అడిగాం. నీకు పోటీగా నిలబడ్డ కాంట్రాక్టరు "ఆపను" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టాడు. ఆ మనిషి మీద నాకున్న కోపం నీకు తెలుసు. అయినా అది జవాబు. నువ్వు పదకొండు వాక్యాలు రాసి, పదకొండింటిలోనూ నీళ్లు నమిలావు.

మా కింది వాటాలో ఉండే దర్జీ ఆవిడ కూతురు ఆ కాలేజీలోనే రెండో ఏడు చదువుతోంది. ఫీజు పెరిగితే చదువు మానేసి తల్లి పక్కన మిషను తొక్కాల్సిందే. నువ్వు రాసింది ఆవిడకు చదివి వినిపించాను.

"బాగానే ఉంది అన్నయ్యా. ఇంతకీ మీ అక్కగారు ఆపుతానన్నారా, ఆపనన్నారా?" అంది.

"ఓట్లయ్యాక చెబుతుందేమో."

"ఓట్లయ్యాక మనతో పనేముంటుంది?" అంది, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

ఇరవై ఏళ్లుగా వాదనల్లో అందరి నోళ్లూ మూయించిన నేను, నీ జవాబు మడిచి జేబులో పెట్టుకుని మెట్లెక్కి వచ్చేశాను.

పత్రిక బుధవారం అచ్చుకు వెళ్తుంది. ఆపుతానంటే అలాగే వేస్తాను, ఆపనంటే అదీ వేస్తాను. ఆపనన్నావంటే నా ఓటు పోతుంది, తమ్ముడు ఎక్కడికీ పోడు. ఈ రెండూ కాక ఇంకేదైనా రాశావంటే మాత్రం, నువ్వే వచ్చి ఆవిడకు చదివి వినిపించు. నావల్ల కాదు.

నీ తమ్ముడు