ఆ బాణీ ముందు ఎవరిది

అమ్మా,

నువ్వు పోయి ఏడాదైంది. మొన్న ఆదివారం ప్రత్తిపాడు చర్చిలో నీ జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. నీతో మిరపకాయల కోతకు వచ్చినవాళ్లంతా నీకిష్టమైన పాటే పాడారు.

ఓసారి గుంటూరు బస్సులో అదే బాణీలో సినిమా పాట వస్తే నువ్వు డ్రైవరు మీదికి లేచావు. "మా దేవుడి పాట ఎత్తుకెళ్లి డాన్సులేస్తారా? ముందది కట్టెయ్యి బాబూ" అన్నావు. సినిమా పాటే ముందొచ్చిందేమో అని నేనంటే, బస్సు దిగేదాకా నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు నేను యూనివర్సిటీలో పాత సినిమా పాటల మీదే పరిశోధన చేస్తున్నాను. కూడికైన మర్నాడు ఇంట్లో కూర్చుని ఆ సినిమా పాట రికార్డు ఎప్పటిదో తేల్చాను. మన చర్చి పాట కంటే ముందుదే. పాస్టరు గారికి ఫోను చేసి చెబితే నవ్వారు. "మా నాన్నగారే ఆ బాణీకి మాటలు రాశారమ్మా. చేలో ఆడవాళ్లకి అప్పటికే నోటికొచ్చిన బాణీ, ఎవరికీ నేర్పే పనే లేకపోయింది" అన్నారు. మన పల్లెల్లో సినిమా పాట ఎవరిదైపోయిందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

కానీ ముందు చెప్పాల్సింది నీకు. గెలిచానన్న ఊపులో, అలవాటుగా నీ నంబరు నొక్కాను.

పక్క గదిలో నీ ఫోను మోగింది. నాన్న దానికి ఇంకా చార్జింగ్ పెడుతూనే ఉన్నాడు. రింగుటోను మార్చలేదు. చర్చిలో నువ్వు పాడిన ఆ పాటే, నీ గొంతుతోనే.

నేను కట్టెయ్యలేదు. అదే ఆగేదాకా విన్నాను.