వంకర కుట్టు

రాజాం,
12-8-2016

సత్యవతి అత్తయ్యకు వందనాలు.

ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. చెవులు వినబడని తల్లుల కోసం, బిడ్డ ఏడిస్తే మణికట్టు మీద అదిరే చిన్న కంప్యూటర్ పట్టీ చేశాను కదా. చెయ్యి మడిచినప్పుడల్లా లోపల కుట్టిన తీగ తెగిపోయేది. నెల్లిమర్ల తెచ్చి నీకు చూపిస్తే, "తిన్నగా కుట్టీసినావేటే? వంకర్లుగా కుట్టు, సెయ్యితోపాటు సాగుతాది" అని నువ్వే మిషన్ మీద కుట్టి ఇచ్చావు. ఆ తర్వాత ఒక్కటీ తెగలేదు.

ఎవరైనా తక్కువ ఖర్చుతో చేసుకోవాలని ఆ నమూనా అంతా ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టాను. చేసినవారి పేర్లుండే చోట నా పేరొక్కటే రాశాను. దర్జీ పేరుంటే మా కాలేజీలో చిన్నచూపు చూస్తారనుకున్నాను. "నా పేరు కూడా ఎట్టినావా?" అని నువ్వడిగితే, పెట్టానన్నాను.

మొన్న ఆదివారం నువ్వు చర్చిలో లేచి, నీ పేరు లోకమంతా వెళ్లిందని దేవునికి స్తోత్రం చెప్పావట. చెల్లి షీబా సంతోషంగా చెప్పింది.

నిన్న నా పేరుకన్నా ముందు నీ పేరు చేర్చాను. కానీ అప్పటికే మూడొందల మంది నమూనా తీసుకుపోయారు. వాళ్ల దగ్గరున్న ప్రతుల్లో నువ్వు లేవు. అది నేనిక మార్చలేను.

వచ్చే వారం, శనివారం మొదటి బస్సుకు వస్తున్నాను. అందరి ముందూ తిట్టు, పడతాను. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

నీ మేనకోడలు